మోడల్ కట్టే ముందు డేటాను చదువు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

హాస్పిటల్ రికార్డుల నుంచి బీపీ అంచనా వేయడానికి లీనియర్ రిగ్రెషన్ (వయసు, బరువు లాంటి వివరాల్ని ఒక్కోదాన్ని ఒక్కో అంకెతో హెచ్చించి, కూడి అంచనా కట్టే పద్ధతి; ఆ లెక్కనే మోడల్ అంటాం) మొదలుపెట్టానని రాశావు. చాలా సంతోషం. కోడ్ నాలుగు లైన్లలో అయిపోతుంది, దాని గురించి టెన్షన్ పడకు. కష్టమంతా డేటా దగ్గరే.

ముందు ప్రతి కాలమ్‌లో కనిష్ఠం, గరిష్ఠం చూడు. అందరూ నేర్చుకోవడానికి వాడే పీమా డయాబెటిస్ డేటాలో 768 మంది మహిళల వివరాలుంటాయి. వాళ్లలో కొందరికి బీపీ సున్నా! బతికున్న మనిషికి అలా ఉండదు కదా. కొలవని చోట సున్నా వేసేశారు. నీ రికార్డుల్లోనూ అలాంటివి ఉంటే ఖాళీలుగా మార్చాకే ముందుకెళ్లు.

ఇక గుణకాలు, అంటే మిగతావి అలాగే ఉండి ఒక వివరం కొంచెం పెరిగితే అంచనా ఎంత మారుతుందో చెప్పే అంకెలు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీతో వచ్చే డయాబెటిస్ డేటా తీసుకో: 442 మంది, పది వివరాలు, ఏడాది తర్వాత జబ్బు ఎంత ముదిరిందో చెప్పే ఒక అంకె. అన్నీ పెట్టి మోడల్ కడితే మొత్తం కొలెస్ట్రాల్ గుణకం మైనస్ 792, అందులో భాగమైన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) గుణకం ప్లస్ 477 దాకా వస్తాయి. మరి కొలెస్ట్రాల్ పెరిగితే షుగర్ జబ్బు నెమ్మదిస్తుందా? అలా అనుకోకు. ఆ రెండు కొలతలూ దాదాపు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. దేని వాటా ఎంతో మోడల్ తేల్చుకోలేదు. ఒకటి తీసేసి మళ్లీ కట్టి, రెండోదాని గుణకం ఎంత మారిందో చూడు.

మాత్రల విషయమూ అంతే. బీపీ మాత్ర వాడేవాళ్ల గుణకం ప్లస్‌లో వస్తే, మాత్ర బీపీ పెంచిందని ఎవరికీ చెప్పకు. బీపీ ఎక్కువున్నవాళ్లకే డాక్టర్లు మాత్ర రాస్తారు.

ఒకే పేషెంట్ నాలుగుసార్లు వచ్చి ఉంటే ఆ నాలుగు వరుసలూ ట్రైనింగ్‌లోనో (మోడల్ నేర్చుకునే భాగం), టెస్ట్‌లోనో (దాన్ని పరీక్షించే భాగం) ఒకేవైపు ఉండాలి. లేకపోతే మోడల్ ఆ మనిషిని ముందే చూసేసినట్టే, స్కోరు ఉత్తుత్తిగా పెరుగుతుంది. డేటాలో ముప్పై నుంచి అరవై ఏళ్లవాళ్లే ఉంటే ఎనభై ఏళ్ల పెద్దాయనకు అంచనా చెప్పొద్దు.

ఇందాకటి 442 మంది డేటాలో పది వివరాలూ వాడినా ఆర్-స్క్వేర్ (తేడాల్లో ఎంత వాటా మోడల్‌కు అందిందో చెప్పే అంకె, ఒకటైతే మొత్తం అందినట్టు) 0.52 దగ్గరే ఆగుతుంది. అంటే మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం మోడల్‌కు అందదు. అందుకే రిపోర్ట్‌లో ఒక్క అంకె రాసి ఊరుకోకు, ఎంత అటూఇటూ కావచ్చో కూడా పక్కనే రాయి. దాన్ని చూసి ఎవరో ఒకరు మందు మార్చుకోవచ్చు.

అంచనాలు ఒకవైపు, తప్పులు (అసలు విలువకూ అంచనాకూ మధ్య తేడాలు) ఇంకోవైపు పెట్టి ప్లాట్ గీయి. చుక్కలు గరాటులా విచ్చుకున్నా, విల్లులా వంగినా మోడల్ ఎక్కడో సరిగ్గా కుదరనట్టే; ఆ ప్లాట్ నాకు పంపు, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న