గ్రహాల కోసం అంటార్కిటికా దాకా ఎందుకు?

ప్రశ్న: వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్ని వెతకడానికి అంటార్కిటికాలో టెలిస్కోప్ పెట్టారట. మైనస్ 70 డిగ్రీల చలిలో ఆ తిప్పలెందుకు? మా మైపాడు బీచ్‌లో కూడా చుక్కలు బాగానే కనిపిస్తాయి కదా!
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: చుక్కలు కనిపించడం వేరు, ఒకే చుక్కని రోజుల తరబడి వదలకుండా చూడటం వేరు. గ్రహం తన నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు కాస్త తగ్గుతుంది. గురుడంత గ్రహమైతే 1 శాతం, భూమంతదైతే 0.01 శాతం కూడా ఉండదు, అదీ కొన్ని గంటలే. మైపాడులో మీరు కెమెరా పెట్టుకుని కూర్చున్నా తెల్లారేసరికి సర్దుకుని ఇంటికి రావాలి. సరిగ్గా 20 రోజులకోసారి అడ్డొచ్చే గ్రహం మీకు ఒకసారి మిట్టమధ్యాహ్నం వచ్చిందంటే తర్వాతా మధ్యాహ్నమే వస్తుంది, ఇక దొరికినట్టే! పైగా మనకి రాత్రులు పొడుగయ్యే నవంబరు, డిసెంబరుల్లోనే తుపాన్లూ మబ్బులూ.

ఫ్రాన్స్, ఇటలీ కలిసి నడిపే కాంకోర్డియా స్టేషన్ తీరానికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు లోపల, డోమ్ సి అనే చోట, 3,233 మీటర్ల ఎత్తున ఉంది. మే నుంచి ఆగస్టు దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. కటిక చీకటేం కాదు లెండి, జూన్‌లోనూ మధ్యాహ్నం కాసేపు సంజ వెలుగు వస్తుంది. అక్కడున్న 40 సెంటీమీటర్ల అద్దం గల ఆస్టెప్ టెలిస్కోప్ 2010లో పని మొదలుపెట్టి, ఆ మే నెలలోనే వాస్ప్-19 అనే నక్షత్రాన్ని 24 రాత్రులు చూసి, దాని గ్రహం ఆ నక్షత్రం చాటుకి పోయినప్పుడు తగ్గే పిసరంత వెలుగుని కూడా పట్టింది.

గాలి పొడిగా ఉండటం మంచిదే కానీ, చలితో మాత్రం తలనొప్పే. అద్దం మీద మంచు పేరుకుంటుంది, కరిగిద్దామని వేడి చేస్తే ఆ వేడికి గాలి కదిలి బొమ్మ చెదురుతుంది. చలికాలమంతా విమానం రాదు, ఏది చెడినా అక్కడున్న పన్నెండు పదమూడు మందే చూసుకోవాలి.

ప్రశ్న: అంటార్కిటికాలో మనకీ స్టేషన్లున్నాయి కదా, అక్కడ పెట్టొచ్చుగా?
– టీచర్, ఒంగోలు

జవాబు: మైత్రి, భారతి రెండూ తీరం వైపు, తక్కువ ఎత్తులో ఉన్నాయండీ, మంచు తుపాన్ల బెడద ఎక్కువ. మనవాళ్ళు రాజస్థాన్‌లోని మౌంట్ అబూ నుంచి వెతుకుతున్నారు. నక్షత్రం గ్రహం లాగుడికి అటూ ఇటూ ఊగడాన్ని కొలిచే పారస్ అనే పరికరంతో 2018లో ఒక గ్రహాన్ని ఖాయం చేశారు కూడా.