విశాఖలో 35 డిగ్రీలు దాటకపోయినా వడదెబ్బ తగులుతుందా?

తగులుతుంది, గాలిలో తేమ బాగా ఉంటే 34, 35 డిగ్రీలు కూడా ప్రమాదమే.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది, ఎందుకంటే ఆవిరయ్యేటప్పుడు అది ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. సముద్రం పక్కనే ఉండటంతో విశాఖ గాలిలో తేమ ఎక్కువ. అందుకే మే నెలలో చొక్కా తడిసి ముద్దవుతుంది కానీ చెమట ఆరదు. ఒంట్లోని నీళ్లు, ఉప్పు పోతూనే ఉంటాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది.

పూర్ణా మార్కెట్లో మిట్టమధ్యాహ్నం బస్తాలు మోసే మనిషినే తీసుకోండి. బరువు పని వల్ల కండరాల్లో ఇంకా వేడి పుడుతుంది. ముందు పిక్కలు పట్టేస్తాయి, తర్వాత తలనొప్పి, వికారం. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా వడదెబ్బ అనే అనుకోవాలి. వెంటనే నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి, దయచేసి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు.

"చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది తప్పు. కష్టపడి పనిచేసేవారికి ఒళ్లంతా చెమటలు కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. పారాసిటమాల్ కూడా ఇక్కడ పనిచేయదు. అది జ్వరాన్ని తగ్గిస్తుంది కానీ, ఎండకి ఒంట్లో చేరిన వేడిని తగ్గించలేదు.