మూడు రాత్రుల రికార్డు: గుంటూరు అమ్మాయికి ఒక ఉత్తరం

విజయవాడ, గవర్నర్‌పేట

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం మొన్న పోస్టులో అందింది. రెండుసార్లు చదివాను. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్లు కచేరీల్లో వాయిస్తుండగా పట్టిన రికార్డు 'మేడ్ ఇన్ జపాన్' గురించి గుంటూరు బ్రాడీపేటలో ఉండే పిల్ల ఇంత ఇష్టంగా తెలుగులో రాస్తుందని నేను అనుకోలేదు. నా మనసు నిండిపోయింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి పేజీలో 'అద్భుతం' నాలుగుసార్లు వచ్చింది. 'ఉర్రూతలూగించే', 'చరిత్ర సృష్టించిన', 'మాటల్లో చెప్పలేని' కూడా ఉన్నాయి. ఆ పేజీ అంతా చదివినా నాకు ఒక్క పాట కూడా వినిపించలేదు. రెండో పేజీ చివర మాత్రం ఇలా రాశావు: గాయకుడు గిటారును రెచ్చగొడితే గిటారు ఊరుకోలేదు అని. అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి, లేచి వెళ్లి రికార్డు పెట్టుకున్నాను. ఆ వాక్యం నువ్వు విని రాశావు. మిగతావి ఎక్కడెక్కడో చదివినవి గుర్తుపెట్టుకుని రాశావు.

ముందు తప్పులు చెప్పేస్తాను. 'ఆ ఒక్క మహత్తర రాత్రి' అన్నావు. ఒక్క రాత్రి కాదమ్మా, మూడు. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్ హాల్లో వాయించారు. (ఆ 15నే మన దేశంలో స్వాతంత్ర్య రజతోత్సవం.) మూడు రాత్రుల టేపులూ విని, ఏ పాట ఏ రాత్రి బాగా కుదిరిందో చూసి 7 పాటలు ఏరారు. 'స్మోక్ ఆన్ ద వాటర్' మొదటి రాత్రిది, 'ద మ్యూల్', 'లేజీ' టోక్యోవి, మిగతా నాలుగూ 16వ తేదీవి. నువ్వు ఒకే కచేరీగా విన్నది అలా కూర్చిన మాల. ఇక కవర్ మీద కనిపించేది జపాన్ జనం అనుకున్నావు. ఆ ఫోటో లండన్‌లో తీసింది.

లైవ్ రికార్డు అంటే ఉన్నది ఉన్నట్టు అని కూడా రాశావు. ఇది చిన్న తప్పు కాదు, ఇక్కడ కాస్త ఆగు. ఈ రికార్డు అడిగింది జపాన్ కంపెనీ, అదీ వాళ్ల దేశం వరకే. బ్యాండ్ వాళ్లు మొదట పెద్దగా ఇష్టపడలేదు. చివరికి తమ ఇంజనీరు మార్టిన్ బిర్చ్ చేతే, తమకు నచ్చినట్టే రికార్డు చేయాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. గొంతునూ వాయిద్యాలనూ విడివిడిగా పట్టే 8 ట్రాకుల మెషీన్ మీద ఆయన చేశాడు. తర్వాత స్టూడియోలో ఏమీ అతకలేదని బ్యాండ్ వాళ్లు చెబుతూ వచ్చారు. అదే ఏడాది అమెరికా బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు యూరప్ అంతా తిరిగి చేసిన రికార్డులోనేమో గాత్రాలు చాలావరకు తిరిగొచ్చాక స్టూడియోలో మళ్లీ పాడినవి. రెండిటినీ లైవ్ రికార్డులనే అంటారు. ఏది ఎంతవరకు వేదిక మీద పుట్టిందో తెలుసుకోకుండా 'నిజాయితీ' అన్న మాట వాడకు.

తెలుసుకోకుండా రాయడం ఎంత బాధ పెడుతుందో నాకు అనుభవం. మా రోజుల్లో కాగితం మీద లిస్టు రాసిచ్చి షాపులో కేసెట్ నింపించుకునేవాళ్లం. ఒక షాపువాళ్లు ఈ రికార్డును నాకు 60 నిమిషాల కేసెట్‌లో పోసి ఇచ్చారు. రికార్డు మొత్తం దాదాపు 76 నిమిషాలు. 'ద మ్యూల్'లో ఇయాన్ పైస్ డ్రమ్స్ మొదలైన కాసేపటికే మొదటి వైపు టేపు అయిపోయింది. పాట అంతే కాబోలనుకుని, అలా హఠాత్తుగా ఆపేయడం ఎంత సాహసమో అని పేరా నిండా రాశాను. అచ్చయింది కూడా. డ్రమ్స్ తర్వాత బ్యాండ్ అంతా తిరిగి వస్తుంది, మీరు మొత్తం విన్నారా అని ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. వ్యాసంతో పాటు పంపిన ఉత్తరంలో ఒక మాట రాశావు. మీ తాతయ్య తెనాలి వైపు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారని, చిన్నప్పుడు ఆయన పక్కన చాప మీద కూర్చుని తెల్లవార్లూ వినేదానివని. తల్లీ, వ్యాసంలో పెట్టాల్సింది తెచ్చి ఉత్తరంలో పెట్టావు!

గ్రామఫోను ప్లేటు మీద పద్యానికి 3 నిమిషాలే చోటు. రాగం కుదించి పాడేవారు. అదే నటుడు రాయబారం సీనులో స్టేజీ ఎక్కితే? జనం 'వన్స్‌మోర్' అంటే మళ్లీ ఎత్తుకుంటాడు. రాగం ఎంత దూరం పోతుందో ఆయనకే తెలియదు. హార్మోనియం వెనకే పోవాలి, ఒక్కోసారి ముందు నడవాలి. స్టూడియోలో నాలుగున్నర నిమిషాలున్న 'స్పేస్ ట్రకిన్' జపాన్‌లో 20 నిమిషాలు ఎందుకైందో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు? 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్' చివర్లో ఇయాన్ గిలన్ గొంతు ఒక చిన్న పలుకు విసిరితే, రిచీ బ్లాక్‌మోర్ గిటారు దాన్నే తిరిగి పలకడం, అది పోటీలా పెరగడం – హార్మోనియం పక్కన పెరిగిన పిల్లకు ఇది కొత్తా? 'చైల్డ్ ఇన్ టైమ్' విను. జాన్ లార్డ్ ఆర్గాన్ మీద మెల్లగా మొదలవుతుంది. గిలన్ మాటలు వదిలేసి 'ఊ' అంటాడు, తర్వాత 'ఆ' అంటాడు, ఆ తర్వాత అది కేక. మంద్రం నుంచి తారస్థాయికి మెట్టు మెట్టుగా ఎక్కడం అంటే ఏమిటో మీ ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని 'ఉర్రూతలూగించే గాత్రం' అని ఎందుకు సరిపెట్టావు?

ఇదీ మనదీ ఒకటే అని తేల్చేయమనడం లేదు. ఆ పొరపాటూ చేయకు. అక్కడ తాళం వేరు, కరెంటు గిటార్ల హోరు వేరు. మధ్యలో గిలన్ సౌండ్ మనిషితో అన్నిటికంటే అన్నీ గట్టిగా వినిపించేలా పెట్టమంటాడు. ఆ మాట రికార్డులో అలాగే ఉంచేశారు. మన మైకు మనిషిని అలా అడిగినవాళ్లు లేరు. నీ చెవి ఏ చాప మీద తయారైందో అక్కడ కూర్చుని విను, తేడాలు కూడా అక్కడి నుంచే వినిపిస్తాయి.

వ్యాసం మళ్లీ రాయి. ఏ పాటలో ఎన్నో నిమిషానికి ఏం జరిగిందో ముందు నోట్‌బుక్‌లో రాసుకో. విశేషణాలు అప్పుడు అవసరమైతే వస్తాయి. ఎక్కడైనా విసుగు పుడితే అదీ రాయి. నాకు 'లేజీ' మొదట్లో ఆర్గాన్ కాస్త ఎక్కువైనట్టే ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈలోగా ఈ రెండు ప్లేట్ల రికార్డులో మూడో వైపు, అంటే 'స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్' ఉన్న వైపు, మీ తాతయ్యకు వినిపించు. ఏ బ్యాండో, ఏ దేశమో చెప్పకు. గొంతు, గిటారు మాట్లాడుకునే చోట ఆయన మొహం చూడు, ఏమన్నారో ఆయన మాటల్లోనే రాసి పంపు. ఫోన్‌లో వద్దు, నా రికార్డు ఇస్తాను, వచ్చి తీసుకెళ్లు. ఎండాకాలం కదా, గుంటూరు బస్సులో కిటికీ పక్కన పెట్టకు. వేడికి వంగిపోతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు