పసివాడి తలకు సీటీ: డోసు పట్టీ ఏం చెబుతోంది?

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకు 14 నెలలు. రెండడుగుల మంచం మీంచి పడ్డాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. స్పృహ తప్పలేదు, వాంతులు లేవు, కాసేపు ఏడ్చి ఆటలో పడ్డాడు. అయినా ఇక్కడొక ఆసుపత్రిలో సీటీ తీశారు. రిపోర్టు నార్మల్. చివరి ఫిల్ములో ‘120 కేవీ, సీటీడీఐ 52, డీఎల్‌పీ 1040’ అని ఉంది. ఇది ఎక్కువా? వాడికేమన్నా అవుతుందా?
— ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: ఎక్కువేనమ్మా. కానీ బెంగ పెట్టుకోకండి. 2012లో బ్రిటన్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, పదేళ్లలోపు పిల్లలకు పదివేల తల సీటీలు తీస్తే, తర్వాతి పదేళ్లలో అదనంగా ఒక లుకేమియా (రక్త కేన్సర్), ఒక మెదడు కణితి రావచ్చు. అంటే మీవాడి వరకు చాలా చిన్న ముప్పు. అయినా అక్కర్లేని చోట అంత కూడా ఎందుకు?

మీ దగ్గరున్న అంకెలే జరిగిందేమిటో చెబుతున్నాయి. సీటీడీఐ అంటే తలలో ఒక్కో ముక్కను బొమ్మ తీయడానికి యంత్రం వదిలిన రేడియేషన్ మోతాదు. దాన్ని స్కాన్ చేసిన పొడవుతో గుణిస్తే డీఎల్‌పీ. 1040ని 52తో భాగించండి, 20 సెంటీమీటర్లు వస్తుంది. ఏడాది దాటిన బిడ్డకు పుర్రె అడుగు నుంచి మాడు దాకా 13, 14 సెంటీమీటర్లు చాలు. మిగతా ఆరేడు సెంటీమీటర్లూ ముఖం మీదా మెడ మీదా పడి ఉండవచ్చు. థైరాయిడ్ ఉండేది అక్కడే. 1–6 ఏళ్ల పిల్లలకు ఐరోపా మార్గదర్శకాలు చెప్పే అంకెలు సీటీడీఐకి 40, డీఎల్‌పీకి 505. అవి దాటకూడని హద్దులు కావు. దాటితే కారణం వెతకాలన్న గుర్తు మాత్రమే. మీ డీఎల్‌పీ దానికి రెట్టింపు.

సాధారణంగా ఇలా జరిగేది పెద్దవాళ్ల ప్రోటోకాల్‌తోనే (యంత్రానికి పెట్టే సెట్టింగులతోనే) బిడ్డకూ తీసేయడం వల్ల. పిల్లల ప్రోటోకాల్ ఎంచుకుంటే ఎంఏఎస్ (కిరణాల పరిమాణం) వయసుకు తగ్గట్టు తగ్గుతుంది, మరీ పసివాళ్లకు కేవీ (కిరణాల శక్తిని నిర్ణయించే వోల్టేజీ) 100 కూడా సరిపోతుంది. తల యంత్రం మధ్యలోకి రాకపోవడం ఇంకో తప్పు. కిరణాలు వదిలే ట్యూబుకు దగ్గరగా ఉన్న తల మొదటి బొమ్మలో పెద్దదిగా కనిపిస్తుంది, దాంతో యంత్రం తనంతట తానే కరెంటు పెంచుతుంది. బిడ్డ కదిలి బొమ్మ చెదిరితే మళ్లీ తీయాలి, మోతాదు రెండింతలవుతుంది. అందుకే వీలైతే పాలు పట్టి, నిద్రపుచ్చి, దుప్పటిలో బిగించి చుట్టి పడుకోబెట్టాలి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టి గడ్డం ఛాతీ వైపు వంచితే కళ్లు కిరణాల దారిలోంచి తప్పుకుంటాయి. ఒక్కసారి తీస్తే చాలు. తలకు దెబ్బ తగిలినప్పుడు మొదట మామూలుగా, తర్వాత కాంట్రాస్టుతో (రక్తనాళంలోకి మందు ఎక్కించి) అని రెండుసార్లు తీయనక్కర్లేదు.

అసలు తీయాల్సిన అవసరముందా? 2009లో అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లల మీద తేల్చిన నియమం ఇది. రెండేళ్లలోపు బిడ్డ ఎప్పటిలాగే ప్రవర్తిస్తూ, ఐదు సెకన్లు కూడా స్పృహ తప్పక, బొప్పి నుదుటి మీదే ఉండి, తడిమి చూస్తే పుర్రె ఎముక విరిగినట్టు అనిపించక, పడ్డ ఎత్తు మూడడుగులు మించకపోతే సీటీ అక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడు ఈ కోవలోకే వస్తాడు. బొప్పి చెవి పైనో తల వెనకో ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు చాలామందిని నాలుగు నుంచి ఆరు గంటలు ఆసుపత్రిలోనే కనిపెట్టి చూస్తారు. మగత, మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్ ఉంటే మాత్రం రేడియేషన్ గురించి ఆలోచించకండి, వెంటనే తీయించండి.

ఆ ఫిల్మునూ సీడీనీ దాచండి. ఇంకో డాక్టరు అడిగితే అవే చూపండి, మళ్లీ తీయించకండి. ఎప్పుడైనా నిజంగా తీయాల్సి వస్తే ‘పీడియాట్రిక్ ప్రోటోకాల్ పెట్టారా?’ అని అడగండి. టెక్నీషియన్‌కు తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమవుతుంది.