బబుల్ బ్యాలెన్సర్‌కు ముందు పాసంగం చూసుకోండి

"ఇంట్లోనే బబుల్ బ్యాలెన్సర్‌తో కారు చక్రాల బరువును అన్ని వైపులా సమం చేసుకుంటే, షాపులో కంప్యూటర్ యంత్రంతో చేయించినంత బాగా వస్తుందా?" అని అడిగారు. వెడల్పు టైర్లు కాకపోతే చాలావరకు వస్తుంది. నాకు వచ్చింది. అది తాతల కాలం నాటి సరుకు, పారేయండి అనేవారిలో ఒక్కరైనా దాన్ని చేత్తో ముట్టుకుని ఉంటారని నేననుకోను.

నేనుండేది ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. మా పాత కారు 60 మైళ్ళు దాటిందంటే స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణికేది. 70కి చేరితే మళ్ళీ కాస్త కుదుటపడేది. అలా ఏదో ఒక వేగం దగ్గరే వణుకు వస్తోందంటే మొదట అనుమానించాల్సింది చక్రాల బ్యాలెన్స్‌నే. (కారు ఒక పక్కకు లాగుతుంటే అది అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే కోణం సంగతి. ఈ రెండూ ఒకటే అనుకునే మిత్రులకు చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెట్టింది.) షాపుకు రెండుసార్లు తీసుకెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ చక్రానికి 20 డాలర్లు. రెండోసారి యంత్రం తెరమీద సున్నా చూపించి మరీ పంపారు. ఐ-71 హైవే ఎక్కానో లేదో మళ్ళీ అదే వణుకు.

ఇంటికొచ్చి చక్రం విప్పితే అసలు భాగోతం బయటపడింది. రిమ్‌కు ఒకే వైపు అంచుమీద, సరిగ్గా ఎదురెదురుగా రెండు వెయిట్లు, అంటే బరువు సమం చేయడానికి కొట్టే లోహపు ముక్కలు! పాతది పీకకుండా, దాని బరువును చంపడానికి అవతలివైపు కొత్తది కొట్టాడు ఆ మహానుభావుడు. రిమ్ లోపల ఎండిన మట్టి అట్టలు కట్టి ఉంది. మట్టికి బరువుండదనుకున్నాడు కాబోలు.

ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల తేడా ఏపాటిది అనిపిస్తుంది. 15 అంగుళాల రిమ్ అంచున ఉన్న ఆ 28 గ్రాములు, 65 మైళ్ళ వేగంలో దాదాపు నాలుగున్నర కిలోల బలంతో చక్రాన్ని గుంజుతాయి. అదీ ఒకే దిక్కుకు కాదు, సెకనుకు 14 సార్లు చుట్టూ తిరుగుతూ. చేతులు తిమ్మిరెక్కవా మరి?

ఆ కోపం చల్లారకముందే మా వీధి చివర ఒక పెద్దాయన తన గ్యారేజీలోని పాత సామాన్లు అమ్మకానికి పెట్టాడు. అందులో ఈ బ్యాలెన్సర్ కనిపించింది. 25 డాలర్లకు ఇచ్చాడు. చూడ్డానికి ఏమీ లేదు. ఒక పీట, పీట మధ్యలో మొన, మొనమీద అటూఇటూ ఊగే శంఖువు లాంటి తల, ఆ తల నడినెత్తిన గుండ్రటి రసమట్టం. తాపీ మేస్త్రి చేతిలో పొడుగ్గా ఉండేదే ఇక్కడ గుండ్రంగా ఉంటుంది. చక్రాన్ని పడుకోబెట్టి నడిమి రంధ్రాన్ని శంఖువుమీద కూర్చోబెడితే, బరువైన వైపు కిందికి వాలుతుంది, బుడగ తేలికైన వైపుకు పోతుంది. అటువైపు వెయిట్లు పెడుతూ బుడగను నడిమి వృత్తంలోకి తెచ్చుకోవడమే పని. కరెంటు అక్కర్లేదు.

శనివారం పొద్దున పాత వెయిట్లన్నీ పీకి, రిమ్ములు కడిగి, ముందు చక్రాలు రెండూ చేశాను. బుడగ నడిమధ్యన నిలిచింది. గర్వంగా రోడ్డెక్కాను. వణుకు రెట్టింపయింది.

ఆ రోజుల్లో మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. ఆయనకు కార్ల గురించి ఏమీ తెలియదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. తెనాలిలో ముప్ఫై ఏళ్ళకు పైగా కిరాణా కొట్టు నడిపిన మనిషి. గ్యారేజీలో మడతకుర్చీ వేసుకుని, టీ తాగుతూ నా అవస్థ చూస్తున్నారు. మూడోసారి చక్రం ఎత్తుతుంటే అడిగారు:

"ఏరా, పాసంగం చూశావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. చిన్నప్పుడు కొట్లో విన్న మాట, పాతికేళ్ళుగా వినని మాట. కాటా పళ్ళేలు రెండూ ఖాళీగా ఉన్నప్పుడు సమంగా నిలవకపోతే, తేలిక పళ్ళేనికి కాస్త బరువు కట్టి సరిచేస్తారు. అదే పాసంగం. "సరుకును అటు పళ్ళెంలోకి, రాయిని ఇటు పళ్ళెంలోకి మార్చి చూడు. తప్పు సరుకులో ఉందో కాటాలో ఉందో అదే చెబుతుంది" అన్నారు.

నా పళ్ళెం ఒక్కటే కదా అంటే, "ఆ చక్రాన్నే సగం చుట్టు తిప్పి పెట్టు" అన్నారు.

వెయిట్లు తీసేసి, చక్రాన్ని ఎత్తి, తలను కదపకుండా, సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టాను. తప్పు చక్రానిదైతే చక్రంతోపాటు బుడగ కూడా అవతలి దిక్కుకు పోవాలి. పోలేదు. ఇందాకటిలాగే గోడవైపే చూస్తూ కూర్చుంది. అంటే పొద్దుటినుంచి నేను బ్యాలెన్స్ చేసింది చక్రాన్ని కాదు, ఆ ముసలాయన బ్యాలెన్సర్‌ను!

చక్రం దించి ఉత్త తలను చూస్తే బుడగ అప్పుడూ గోడవైపే ఉంది. నాన్నగారు లోపలికెళ్ళి చపాతీ పిండి చిటికెడు తెచ్చి తల అంచుకు అంటించారు. కొంచెం గిల్లారు, కొంచెం జరిపారు. బుడగ నడిమికి వచ్చింది. మళ్ళీ చక్రం పెట్టి, సగం చుట్టు తిప్పి చూస్తే, ఈసారి బుడగ బుద్ధిగా చక్రం వెంటే తిరిగింది. ఆ రోజు మా ఇంట్లో చపాతీలు ఆలస్యమయ్యాయి.

ఈ పరీక్ష చేయకుండా బబుల్ బ్యాలెన్సర్ పనికిరాదని ఎవరైనా అంటే నేను లెక్కచేయను. కంప్యూటర్ యంత్రానికీ ఇదే సూత్రం. చక్రం కూర్చునే చోట తుప్పో మట్టో ఉంటే తెరమీది సున్నాకు విలువ లేదు. మా నాన్నగారు కిలో కందిపప్పు అమ్మాలంటే కాటాకు, రాళ్ళకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మీ యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారని ఆ షాపులో అడిగితే అక్కడి కుర్రవాడు నవ్వాడు. నేనిచ్చిన డాలర్లకు కందిపప్పుపాటి మర్యాద కూడా లేదు.

ఇక మీరు చేసేటప్పుడు మరిచిపోకూడనిది ఒకటుంది. లెక్క తేలిన బరువంతా బయటి అంచుకే కొట్టేయకండి. సగం బయట, సగం సరిగ్గా దాని వెనక లోపలి అంచున కొట్టాలి. చాక్‌పీసుతో గీత పెట్టుకుంటే తికమక ఉండదు. అంతా ఒకే వైపు కొడితే పడుకున్నప్పుడు బుడగ మధ్యలోనే ఉంటుంది కానీ, తిరిగేటప్పుడు చక్రం పక్కలకు ఊగుతుంది. ఈ పక్కల ఊపును బుడగ పసిగట్టలేదు, ఒప్పుకుంటాను. అందుకే వెడల్పు టైర్లున్నవారు యంత్రం దగ్గరికే వెళ్ళడం మంచిది. నావి 195 మిల్లీమీటర్ల టైర్లు, మామూలు ఇనుప రిమ్ములు. మోటార్‌సైకిల్ చక్రాలను ఇప్పటికీ ఇలా నిలకడ మీదే సరిచూసేవారు బోలెడంతమంది ఉన్నారు.

మూడు చక్రాలు ఆ సాయంత్రానికే కుదిరాయి. నాలుగోదాన్ని జాకీ ఎత్తి చేత్తో తిప్పుతూ, టైరు దగ్గర స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకుని చూస్తే, ఒకచోట టైరు ఉబ్బి మొనకు తగులుతోంది. గుండ్రంగా లేనిదాన్ని ఎంత తూచినా లాభం లేదు. ఆ టైరు మార్చాక ఐ-71 మీద 70లో రెండు వేళ్ళతో స్టీరింగ్ పట్టుకున్నాను. పక్క సీట్లో నాన్నగారు నిద్రపోయారు.

పిండి ముద్ద వారం తిరక్కుండానే ఎండి తేలికైంది, బుడగ మళ్ళీ గోడవైపు చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడక్కడ చిన్న అతుకుడు వెయిట్ ఒకటి ఉంది. అయినా ప్రతిసారీ ముందు సగం చుట్టు తిప్పే చూస్తాను.