మునిగిన చోట ఊపిరి

ప్రశ్న: మా నాన్న సింగరేణిలో 30 ఏళ్లు బాయి పని చేసి రిటైరయ్యారు. మొన్న టీవీలో ‘మిషన్ రాణిగంజ్’ చూస్తూ, గనిలోకి నీళ్లు దూకే సీన్ రాగానే లేచి బయటికి వెళ్లిపోయారు. ఒక్క బ్లాస్టింగ్‌కే అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? నిజంగా అలాగే జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: జరుగుతుందమ్మా, మీ ఊళ్లోనే జరిగింది. 2003 జూన్‌లో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజుల్లో షిఫ్టుకు దిగిన మనిషి ఆ సీన్‌ని మనలా కూర్చుని ఎలా చూస్తాడు?

బొగ్గు తీసేసి వదిలేసిన పాత తవ్వకాల్లో ఊట నీరు, వాన నీరు ఏళ్ల తరబడి చేరి నిండిపోతుంది. ఇప్పుడు పని నడిచే చోటికీ ఆ పాత తవ్వకాలకీ మధ్య బొగ్గునే గోడలా వదిలేస్తారు. ఆ గోడ అనుకున్న దానికంటే పల్చగా ఉందా, పాత మ్యాపు తప్పుగా ఉందా, ఇక ఒక్క పేలుడు చాలు, అటువైపు ఇన్నేళ్లుగా నిలిచిన నీరంతా ఒక్కసారిగా మీద పడుతుంది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా బొగ్గు గనిలో అలాగే వచ్చి పడితే 370 మందికి పైగా పోయారు, హిందీ సినిమా ‘కాలా పత్థర్’ తీసింది ఆ ఘటన ఆధారంగానే.

మీ నాన్నగారు చూసిన సినిమాకి ఆధారమైన ప్రమాదం పశ్చిమ బెంగాల్‌లో రాణిగంజ్ దగ్గర మహాబీర్ బొగ్గు గనిలో జరిగింది, 1989 నవంబర్ 13న. 71 మంది లోపల చిక్కుకుంటే ఆరుగురు చనిపోయారు, 65 మంది ప్రాణాలతో మిగిలారు. జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజినీర్ పైనుంచి కొత్త బోరు వేయించి, మనిషి ఒక్కడు నిలబడేంత ఇనుప క్యాప్సూల్ చేయించి, అందులో తనే కిందికి దిగి, అందరినీ ఒక్కొక్కరిగా పైకి పంపి చివర్న తను వచ్చారు. సినిమాలో హీరో ముఖం మీద కెమెరా ఎక్కువసేపు ఉంది గానీ, నాకైతే ఆ క్యాప్సూల్‌ని వెల్డింగ్ చేసిన వాళ్ల దగ్గర, బోరు ఎటూ వాలకుండా దింపిన డ్రిల్లింగ్ వాళ్ల దగ్గర ఇంకాసేపు ఉండాల్సింది అనిపించింది. 65 ప్రాణాలు వాళ్ల చేతుల్లో కూడా ఉన్నాయి కదా.

మీ నాన్నగారిని సినిమా పూర్తిగా చూడమని బలవంతం చేయకండి. ఎప్పుడైనా ఆయనే మాట ఎత్తితే మాత్రం టీవీ కట్టేసి వినండి.

ప్రశ్న: ఓడ బోల్తా పడ్డాక లోపల గాలి మిగిలిన చోట రోజుల తరబడి బతికినట్టు చూపిస్తారు. అదంతా సినిమా గొప్పే కదండీ?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదండీ. గ్లాసు బోర్లించి బకెట్ నీళ్లలోకి దింపి చూడండి, లోపల గాలి అలాగే ఉంటుంది. 2013 మేలో నైజీరియా తీరంలో ఒక టగ్ బోటు తలకిందులై 30 మీటర్ల లోతుకి మునిగింది. అందులో వంటవాడు హారిసన్ ఒకేనే అలాంటి చోటే చిక్కుకుని, చీకట్లో, చలిలో సుమారు 60 గంటలు బతికాడు. శవాలను వెలికి తీయడానికి వెళ్లిన డైవర్‌కి నీళ్లలో ఒక చెయ్యి కనపడింది, అతను పట్టుకోగానే ఆ చెయ్యి తిరిగి పట్టుకుంది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసినా గుండె ఆగినంత పనవుతుంది.

అంత లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి నాలుగింతలు. అక్కడ గాలి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి కొంచెం చోటులోనే ఎక్కువ ఆక్సిజన్ ఉంటుంది. కానీ మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా అక్కడే పేరుకుంటుంది, ముందు ప్రాణం తీసేది చాలాసార్లు అదే. సినిమాలు అబద్ధం చెప్పేది ఆ తర్వాత. హీరో ఒక్క ఈతలో పైకి తేలి ఒడ్డున భార్యని కౌగిలించుకుంటాడు! ఒకేనేని అలా తెచ్చి ఉంటే రక్తంలో కలిసిన నైట్రోజన్ బుడగలై చంపేసేది. అందుకే అతన్ని ముందు ఒత్తిడి మెల్లగా తగ్గించే ఛాంబర్‌లో ఉంచారు.

ప్రశ్న: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద మా ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మా బాబుకి నీళ్ల శబ్దం వింటే టెన్షన్. వాడికి పదేళ్లు. ఇలాంటి సినిమాలు చూపిస్తే భయం పోతుందని అందరూ అంటున్నారు. చూపించమంటారా?
– ఒక తండ్రి, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: వద్దు సార్, ఇప్పుడే వద్దు. మెడ దాకా నీళ్లొచ్చే సీన్ చీకటి గదిలో పెద్ద సౌండ్‌తో చూపిస్తే ఆ రాత్రి మళ్లీ వాడి ముందుకి వస్తుంది. నిద్రలో ఉలిక్కిపడుతుంటే, బడికి వెళ్లనంటుంటే పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

తర్వాతెప్పుడైనా వాడే అడిగితే, కేరళ వరదల మీద మలయాళంలో తీసిన ‘2018’ కంటే ముందు ‘థర్టీన్ లైవ్స్’ చూడండి, పక్కన మీరు కూర్చోండి, ఆపమంటే ఆపండి. ‘2018’ మంచి సినిమా, మత్స్యకారులు పడవలు తెచ్చి జనాన్ని కాపాడే సీన్లకి నేను ఏడ్చాను, కానీ అందులో ఇళ్లు మునుగుతాయి, వాడికి అది మరీ దగ్గర. ‘థర్టీన్ లైవ్స్’ 2018లో థాయ్‌లాండ్ థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ కథ. జూన్ 23న లోపలికి వెళ్లిన వాళ్లందరూ జూలై 10 కల్లా బయటికొచ్చారు, పిల్లలు భయపడి గింజుకోకుండా మత్తు ఇచ్చి మరీ తెచ్చారు. ఒక డైవర్ మాత్రం ఆ పనిలో చనిపోయాడు, అది వాడికి ముందే చెప్పండి.

ఒక సీన్ దగ్గర కాసేపు ఆపి వాడితో మాట్లాడండి. గుహలోకి నీరు దిగకుండా కొండ మీద వాగుల్ని మళ్లిస్తే ఆ నీరంతా కింద వరి పొలాల్లోకి పోతుంది, పంట పోతుందని తెలిసి కూడా రైతులు సరేనంటారు. అక్కడ నిజంగానే రైతులు అలా ఒప్పుకున్నారని చెప్పండి. మీ వీధిలో ఆ రోజు మీకు అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు తెచ్చిచ్చిన వాళ్లెవరో వాడికి గుర్తుందేమో అడగండి.