ఇయర్‌బడ్స్ డిజైన్ చేస్తానంటున్నాడు... పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ లాంటివి తయారుచేసే పని నేర్చుకుంటానంటున్నాడు. మేము సాఫ్ట్‌వేర్ కోర్సుకు పంపుదామనుకుంటున్నాం. ఈ లైన్‌లో బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ఉంటుంది. కాకపోతే మీవాడికి నచ్చింది ఇయర్‌బడ్సా, వాటి వెనకున్న లెక్కలా అన్నది ముందు తేలాలి. ఈ పనంతా బ్యాటరీ పొదుపే. మీ ఊళ్లో వ్యవసాయ బావి తెలుసు కదా, మోటరు పొద్దంతా నడిపితే నీళ్లు మిగలవు. ఇదీ అంతే. వైఫై చిప్ ఆగకుండా 150 మిల్లీఆంపియర్లు లాగితే 1000 ఎంఏహెచ్ బ్యాటరీ ఏడు గంటలు కూడా రాదు. అదే చిప్ నిమిషానికి ఒక్క సెకను మేల్కొని మిగతా సేపు నిద్రపోతే, లెక్క ప్రకారం పదహారు రోజులు వస్తుంది. పాటకు నిమిషం నిద్ర కుదరదు. అందుకే కొత్త బ్లూటూత్ ఆడియోలో ఎల్‌సీ3 కోడెక్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) శబ్దాన్ని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా కుదించి ఇస్తుంది. రేడియో ఆ ముక్కను చప్పున పంపేసి, తర్వాతి ముక్క వచ్చేదాకా కునుకు తీస్తుంది. చిప్ లోపల వోల్టేజీ సగానికి తగ్గిస్తే స్విచింగ్‌కు, అంటే లోపలి స్విచ్‌లు ఆన్-ఆఫ్ కావడానికి, అయ్యే కరెంటు ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ వేగమూ తగ్గుతుంది. ఆ రెంటి మధ్య బేరమాడడమే ఇంజనీరు పని.

దారులు రెండు. చిప్ డిజైన్‌కైతే వెరిలాగ్ (చిప్ సర్క్యూట్లను రాసే భాష) నేర్చుకుని, ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయాలి. మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. వీఎల్‌ఎస్‌ఐలో, అంటే చిప్ డిజైన్‌లో, ఎంటెక్ మన వరంగల్ ఎన్ఐటీలోనే ఉంది. రెండోది ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి చిప్‌ను నడిపే ప్రోగ్రాం రాయడం. దీనికి సీ భాష గట్టిగా రావాలి. చిన్న కంపెనీల్లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి. క్వాల్‌కామ్, సిలికాన్ ల్యాబ్స్ లాంటివి హైదరాబాద్‌లోనే ఉన్నాయి. రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుని వెళ్తే మాత్రం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు.

ఒక పరీక్ష పెట్టండి. ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్ ఉన్న చిన్న బోర్డు, కరెంటు కొలిచే మల్టీమీటర్ కొనివ్వండి. గాఢనిద్రలో చిప్ 10 మైక్రోఆంపియర్లే (మిల్లీఆంపియర్‌లో వందో వంతు) తీసుకుంటుందని డేటాషీట్, అంటే చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అంటుంది. బోర్డుకిచ్చే కరెంటు కొలిస్తే చాలాసార్లు మిల్లీఆంపియర్లలో కనిపిస్తుంది. ఎందుకో కనిపెట్టమనండి. (జవాబు మీకు మాత్రమే: బోర్డు మీద వెలిగే ఎల్‌ఈడీ, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ కూడా కరెంటు తాగుతుంటాయి. ఈ పేజీ దాచేయండి.) నెల రోజుల్లో తనంతట తానే పట్టుకుంటే, సాఫ్ట్‌వేర్ కోర్సు ఫీజు కట్టకండి.